మిల్లింగ్ చేసిన టెంపరరీ బ్రిడ్జ్ ఎన్నాళ్లు నిలుస్తుంది?

చిరంజీవి తమ్ముడికి, విజయనగరం నుంచి అన్నయ్య ఆశీస్సులు.

పలాసలో నీ పళ్ల క్లినిక్ బాగా సాగుతున్నందుకు సంతోషం. పోయిన పన్ను చోట పక్క పళ్లను ఆధారం చేసుకుని, పర్మనెంట్ బ్రిడ్జ్ వచ్చేదాకా అతికించే టెంపరరీ బ్రిడ్జ్‌లను ఇక మీదట చేతితో అక్రిలిక్ ప్లాస్టిక్‌లో చేయడం మానేసి, మిల్లింగ్ చేసినవే, అంటే డిస్కు నుంచి యంత్రంతో కోసినవే పెట్టాలనుకుంటున్నానని, అవి ఎన్నాళ్లు నిలుస్తాయో చెప్పమని రాశావు. నిర్ణయం మంచిదే. కుర్చీ పక్కన పొడి, లిక్విడ్ కలిపి చేసే అక్రిలిక్‌లో గాలి బుడగలూ, గట్టిపడకుండా మిగిలిపోయే మోనోమర్ అనే ముడి ద్రవమూ తప్పవు. మిల్లింగ్‌కు వాడే పీఎంఎంఏ (అదీ అక్రిలిక్ ప్లాస్టిక్కే) డిస్కు ఫ్యాక్టరీలోనే అధిక పీడనంలో, వేడిలో పూర్తిగా గట్టిపడి వస్తుంది కనుక, దాని నుంచి కోసిన బ్రిడ్జ్ నమిలే బరువును ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. జాగ్రత్తగా చూసుకుంటే ఆరు నెలలు నిశ్చింతగా, కొందరి నోట్లో ఏడాది దాకా పనిచేస్తుంది.

అయితే డిస్కు గట్టిదని కనెక్టర్‌ను, అంటే బ్రిడ్జ్‌లో ఒక పన్నును పక్క పన్నుతో కలిపే భాగాన్ని, సన్నగా వదలవద్దు. బ్రిడ్జ్ విరిగితే ఎక్కువగా అక్కడే, అదీ చిగుళ్ల వైపు నుంచే బీట తీస్తుంది. ఖాళీ పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లవుతుంది, కనెక్టర్ ఎత్తు సగానికి తగ్గినా అంతే. అందువల్ల ల్యాబ్ పంపిన డిజైన్‌ను ఫోన్‌లో చూసి సరేననకుండా, కనెక్టర్ వైశాల్యం ఎంతో అంకెలో అడుగు. వెనక పళ్లలో ఒక పాంటిక్‌కు (పోయిన పన్ను చోట వేలాడే కృత్రిమ పన్నుకు) 12 చదరపు మిల్లీమీటర్లు, రెండు పాంటిక్‌లకు 16 ఉండేలా చూసుకో. పెంచే వీలున్న చోట వెడల్పు కన్నా ఎత్తే పెంచమను. నమిలే తలం మీద 1.5 మిల్లీమీటర్ల మందం కావాలంటే ముందు నువ్వు పన్నును అంత మేర తగ్గించి ఉండాలి, ఆ లోటును ఏ యంత్రమూ పూడ్చలేదు.

నాకు విరగడం కన్నా పెద్ద భయం వేరొకటి ఉంది. విరిగితే పేషెంటు మరునాడే నీ గుమ్మంలో ఉంటాడు. రెండు చివరల్లో ఒక చివర సిమెంటు కరిగిపోయినప్పుడు మాత్రం, గట్టి బ్రిడ్జ్ రెండో పన్నును పట్టుకుని కదలకుండా కూర్చుంటుంది. నొప్పి ఉండదు, లోపల పన్ను పుచ్చిపోతుంది. బలహీనమైన అక్రిలిక్ అయితే ఈపాటికి విరిగి పేషెంటును నీ దగ్గరికి పంపి ఉండేది. అందుకే వచ్చిన ప్రతిసారీ అంచు దగ్గర ఒక నీటి చుక్క వేసి, బ్రిడ్జ్‌ను వేళ్లతో కిందికీ పైకీ కదిలించు. అంచు వెంట సన్నని బుడగలు లేస్తే సిమెంటు పోయినట్టే. వెంటనే తీసి, శుభ్రం చేసి, మళ్లీ అతికించు. యూజినాల్ (లవంగ నూనెలోని పదార్థం) ఉన్న సిమెంటు వాడకు, అది అక్రిలిక్‌ను మెత్తబరచడమే కాక, తరువాత పర్మనెంట్ బ్రిడ్జ్‌కు వాడే రెజిన్ సిమెంటు పట్టునూ చెడగొడుతుంది.

మన ప్రాంతపు అలవాట్లు కూడా లెక్కలోకి తీసుకో. తీరప్రాంత గ్రామాల్లో పెద్ద వయసు ఆడవాళ్లు కొందరు ఇప్పటికీ అడ్డపొగ తాగుతారు. చుట్ట నిప్పు నోటి లోపలే ఉంటుంది, పీఎంఎంఏ ఏమో సుమారు 105 డిగ్రీల దగ్గర మెత్తబడే పదార్థం. మొహమాటపడకుండా ముందే అడిగి తెలుసుకో, అదే చూపులో అంగిలి కూడా పరీక్షించు, ఎందుకంటే ఆ అలవాటున్న వారికి క్యాన్సర్ ముప్పు బ్రిడ్జ్ కన్నా పెద్ద సంగతి. భీమాళి మామిడి తాండ్ర, తేగలు ఆ కొన్నాళ్లూ వద్దని చెప్పు. తాండ్ర టెంపరరీ సిమెంటును పట్టి లాగేస్తుంది.

ఉద్దానం నుంచి వలస పనికి వెళ్లేవారి విషయంలో మరింత ఆలోచించు. సంక్రాంతికి తప్ప ఊరు రాని మనిషికి పళ్లు అరగదీసి టెంపరరీ పెట్టి పంపడం నాకు నచ్చదు. ఉన్న సెలవుల్లో పర్మనెంట్ దాకా పూర్తిచేయగలిగితేనే పన్ను ముట్టుకో. లేకపోతే తీసి పెట్టుకునే పళ్ల సెట్టు ఇచ్చి, అరగదీసే పనిని వచ్చే సెలవులకు వాయిదా వెయ్యి.