మళ్లీ వెళ్లి చూశారా? సేవా క్లబ్బుల పనిపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

(జవాబులు రాస్తున్నవారు ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక రోటరీ క్లబ్బులో సభ్యురాలు, ఆ క్లబ్బు వారపు బులెటిన్‌కు సంపాదకురాలు.)

ప్రశ్న: జూలై 1 నుంచి మా ఊరి రోటరీ క్లబ్బుకు కార్యదర్శిని అయ్యాను. ప్రతి వారం బులెటిన్ తెస్తున్నాం. సభ్యులు తమ ఫొటో ఉందో లేదో చూసుకుని పక్కన పెట్టేస్తున్నారు. చదివించాలంటే ఏం రాయాలి?
– ఒక కార్యదర్శి, తణుకు

జవాబు: కార్యదర్శి గారూ, ఉత్తరంతో పాటు మీరు పంపిన రెండు బులెటిన్లూ శ్రద్ధగా చదివాను. జ్యోతి వెలిగించింది ఎవరో, శాలువా కప్పింది ఎవరో, వందన సమర్పణ చేసింది ఎవరో అన్నీ ఉన్నాయి. కంటి పరీక్షల శిబిరానికి వచ్చినవారిలో శుక్లాల ఆపరేషన్ అవసరమని తేలింది ఎందరికి? వారిలో ఎందరు బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లారు? వెళ్లనివాళ్లు ఎందుకు ఆగిపోయారు? ఇవి ఎక్కడా కనిపించలేదు. నేను వెతికింది వాటి కోసమే.

ఒకప్పుడు బడి గదుల్లో బల్లలు వేసి అక్కడే ఆపరేషన్లు చేసేవారు. ఇన్ఫెక్షన్ల భయం వల్ల ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు శిబిరంలో జరిగేది పరీక్ష మాత్రమే, ఆపరేషన్ ఆసుపత్రి థియేటర్లో. ఈ రెండింటి మధ్యే మనుషులు జారిపోతారు. ఒకరికి షుగరు అదుపులో లేదని మరో తేదీ ఇస్తారు, ఆ తేదీ గుర్తుచేసేవారు ఉండరు. ఇంకొకరికి తోడు రావడానికి మనిషి ఉండడు. నాట్ల రోజులైతే కూలి పోగొట్టుకుని ఎవరు వెళతారు? అంతా సవ్యంగా జరిగి ఇల్లు చేరినా, డాక్టరు చెప్పిన లెక్కన వారాల తరబడి చుక్కలు వేసుకోవాలి. చేతులు వణికే ముసలమ్మ తన కంట్లో తాను చుక్కలు వేసుకోలేదు. పక్కింటి పిల్ల రోజూ వచ్చి వేస్తూ ఉంటే, ఆ పిల్ల మీ బులెటిన్ మొదటి పుటలో ఉండాలి. వాళ్ల ఇంటివాళ్లను అడిగి మరీ రాయండి.

మా బులెటిన్‌లో 'మిగిలిన పని' అని ఒక శీర్షిక ఉంది. జరిగిపోయిన కార్యక్రమాల్లో ఇంకా తేలని విషయాలు అందులో రాస్తాం. ఇచ్చిన కుట్టుమిషను నడుస్తోందా, మూలన పడిందా? నాటిన కానుగ మొక్కల్లో ఎన్ని నిలిచాయి? బడికి ఇచ్చిన నీటి శుద్ధి యంత్రానికి ఫిల్టరు మార్చారా? ఎవరు కనుక్కుని రావాలో పేరుతో సహా వేస్తాం. మా సభ్యులు ముందుగా తిప్పేది ఆ పుటే.

ఇదంతా నాకు పల్స్ పోలియో నేర్పింది. 1995 డిసెంబరులో దేశమంతటా ఆ కార్యక్రమం మొదలైంది. బూత్‌లో చుక్కలు వేసే ఆదివారం సందడిగా ఉంటుంది, టోపీలు, బ్యానర్లు, ఫొటోలు. అసలు కష్టం ఆ తరువాత రోజుల్లో. పిల్లల ఎడమ చిటికెన వేలి మీద సిరా గుర్తు చూసుకుంటూ ఇల్లిల్లూ తిరగాలి. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద సుద్దతో 'పీ' అని, ఎవరైనా మిగిలిపోతే 'ఎక్స్' అని రాసేవాళ్లం. తాళం వేసిన ఇల్లు ఎక్స్. పిల్లాడు అమ్మమ్మగారి ఊరు వెళ్లాడంటే ఎక్స్. వద్దని తలుపు వేసేసినా ఎక్సే. ఆ ఇళ్లకు మళ్లీ వెళ్లాలి, అవసరమైతే ఆ పైన కూడా వెళ్లాలి. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహిత ధ్రువపత్రం ఇచ్చింది. ఆ పత్రం రావడానికి ఎక్స్ గుర్తున్న గుమ్మాలు మళ్లీ ఎక్కినవాళ్లే కారణమని నా గట్టి నమ్మకం.

ఇంకొక మాట. మన క్లబ్బుల్లో అధ్యక్షుడి పదవీకాలం ఒక్క ఏడాదే. కొత్తగా వచ్చినవారు తమ పేరు మీద కొత్త పని మొదలుపెట్టాలనుకుంటారు, పాతది అనాథ అవుతుంది. పోలియో మీద రోటరీ 1985లో ప్రపంచవ్యాప్త కార్యక్రమం ప్రకటించి నేటికీ వదల్లేదు. 1925లో అమెరికాలోని ఒహాయోలో లయన్స్ మహాసభకు వచ్చి హెలెన్ కెల్లర్ అంధుల పక్షాన నిలబడమని కోరారు, వారు నేటికీ కంటి వైద్యాన్ని వదల్లేదు. మీ ఊళ్లో పాత అధ్యక్షుడి పనిని కొత్త అధ్యక్షుడి చేత కొనసాగింపజేయగలిగేది కార్యదర్శే. మీ చేతిలో ఉన్న అతి పెద్ద అధికారం అదే, వాడుకోండి.

ప్రశ్న: వారం వారం సమావేశం అవసరమా? వాట్సాప్ ఉంది కదా.
– ఒక సభ్యుడు, గుడివాడ

జవాబు: రోటరీ నిబంధనలు 2016లో సడలాయి. నెలకు కనీసం రెండుసార్లు కలిస్తే చాలన్నారు. నా మటుకు నేను వారానికోసారి కలవాలనే అంటాను. 'గాంధీ నగర్ వృద్ధాశ్రమంలో మోటారు చెడిపోయింది' అని ఫోనులో సందేశం పెడితే చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి. అదే మాట సమావేశంలో లేచి చెబితే, ఎలక్ట్రికల్ దుకాణం నడిపే సభ్యుడు రేపు పొద్దున్నే మనిషిని పంపుతానంటాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లకు జవాబు చెప్పక తప్పదు.

ప్రశ్న: మా నాన్నగారి సంవత్సరీకం రోజున క్లబ్బు ద్వారా ఆసుపత్రిలో పండ్లు, రొట్టెలు పంచుదామనుకుంటున్నాను. ఎలా ఏర్పాటు చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అమ్మా, మీ ఆలోచన మంచిది. పండ్లు కొనే ముందు ఒకసారి వార్డుకు వెళ్లి సిస్టరును కలవండి. పంపకాలు జరిగే రోజుల్లో నేను వార్డులో ఉండేదాన్ని. షుగరు రోగి చేతిలో అరటిపళ్లు, మర్నాడు ఆపరేషన్ ఉండి ఏమీ తినకూడని మనిషి చేతిలో రొట్టె పెట్టి ఫొటో తీసుకుని వెళ్లిపోయేవారు. తరువాత ఆ మంచం దగ్గరకు వెళ్లి వాటిని తీసేయాల్సింది మేము. ఆకలితో ఉన్నవారి దగ్గర తినేది లాక్కోవడం ఎంత బాధగా ఉంటుందో చెప్పలేను.

రోగికి ఆసుపత్రి భోజనం పెడుతుంది. రోగి వెంట వచ్చినవాళ్లను ఎవరూ పట్టించుకోరు. పల్లె నుంచి వచ్చిన తల్లి, కూతురి మంచం కింద చాప వేసుకుని టీ, బన్నుతో రాత్రులు గడుపుతుంది. మీ నాన్నగారి పేరున ఆ రాత్రి వాళ్లకు వేడి అన్నం, పప్పు, పెరుగు పెట్టించండి. డబ్బు మిగిలితే సబ్బులు, తువ్వాళ్లు, పెద్దవాళ్ల డైపర్లు, దోమతెరలు కొనండి. డైపర్లు చాలా ఖరీదు, పక్షవాతం వచ్చినవాళ్ల ఇంట్లో వాటికే నెల జీతం కరిగిపోతుంది. ఫొటో తప్పనిసరి అనుకుంటే సామాన్లు సిస్టరుకు అప్పగిస్తున్నప్పుడు తీసుకోండి. మంచం మీద ఉన్న మనిషి ముఖం పేపరుకు ఎక్కించకండి.

ప్రశ్న: మా మామగారు నేత్రదానానికి క్లబ్బు వారి పత్రం నింపి ఇచ్చారు. ఆయనకు షుగరు ఉంది, శుక్లాల ఆపరేషన్ కూడా అయింది. ఆయన కళ్లు పనికొస్తాయా? సమయం వచ్చినప్పుడు మేము ఏం చేయాలి?
– ఒక కోడలు, అమలాపురం

జవాబు: పనికొస్తాయమ్మా. తీసుకునేది కార్నియా, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర. శుక్లాల ఆపరేషన్ దాని వెనకాల ఉండే కటకానికి చేస్తారు. షుగరు, బీపీ, కళ్లద్దాలు, వయసు ఏవీ అడ్డు కావు. హెచ్‌ఐవీ, కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి, రేబిస్, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్ వంటివి ఉంటే తీసుకోరు. అది వాళ్లే పరీక్ష చేసి నిర్ణయిస్తారు.

పత్రం నింపడంతో పని పూర్తి కాదు. ఆ సమయంలో దగ్గరి బంధువులు సరేనంటేనే కళ్లు తీసుకుంటారు. అందుకని మామగారి చేతే మీ ఆడపడుచులందరికీ ఇప్పుడే చెప్పించండి. ఏడుపుల మధ్య ఆ మాట ఎత్తడం కోడలికి ఎంత కష్టమో నాకు తెలుసు. ఆయన నోటితో ముందే చెప్పి ఉంటే అది ఆయన కోరిక అవుతుంది, మీ మీదకు రాదు.

ప్రాణం పోయిన ఆరు గంటల్లోగా కార్నియా తీయాలి. వెంటనే నేత్ర నిధికి ఫోను చేయండి. గదిలో ఫ్యాను ఆపండి, రెప్పలు మూసి వాటి మీద తడి దూది పెట్టండి, తల కింద దిండు ఉంచి కాస్త ఎత్తుగా పెట్టండి. వాళ్లే ఇంటికి వస్తారు, పావుగంట నుంచి ఇరవై నిమిషాల పని. ముఖం వికారం కాదు, అంత్యక్రియలు ఆగవు. డబ్బు అడగరు, ఇవ్వరు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో రామాయమ్మ నేత్ర నిధి 1989 నుంచి పనిచేస్తోంది. మీకు దగ్గరలో ఉన్నది ఏదో మీ క్లబ్బు వారిని కనుక్కుని, ఆ నంబరు గోడ క్యాలెండరు మీద పెద్ద అక్షరాలతో రాయండి. వచ్చే జన్మలో గుడ్డివాళ్లుగా పుడతారని ఎవరైనా అంటే వాదించకండి. మామగారి కోరిక అని మాత్రం చెప్పండి.

ప్రశ్న: మా అభిమాన హీరో పుట్టినరోజుకు కాలేజీ కుర్రాళ్లమంతా కలిసి ఒకే రోజు భారీగా రక్తదానం చేయాలనుకుంటున్నాం. మా ఊరి క్లబ్బు వారు విడివిడిగా చేయమంటున్నారు. ఎందుకు?
– ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: బాబూ, వాళ్లు చెప్పింది నిజం. ఎర్ర రక్తకణాలు 35 నుంచి 42 రోజుల వరకే నిల్వ ఉంటాయి, ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. ఒకే రోజు అందరూ ఇచ్చేస్తే మగపిల్లలు మళ్లీ మూడు నెలల వరకూ, ఆడపిల్లలు నాలుగు నెలల వరకూ ఇవ్వకూడదు. ఆ మధ్యలో డెంగీ జ్వరాలు వస్తే ఊళ్లో దాతలు ఎవరు మిగులుతారు? తలసీమియా అనే రక్తవ్యాధి ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. వాళ్లకు పండగ రోజూ మామూలు రోజూ ఒకటే.

మీ జాబితాను మూడు జట్లు చేయండి. ఒక జట్టు పుట్టినరోజున ఇస్తుంది, మిగతా రెండూ వచ్చే రెండు నెలల్లో. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలు మూసి ఉండటంతో రక్తనిధుల్లో కొరత వస్తుంది. అప్పుడు ఊళ్లో ఉండేవారి పేర్లు వేరుగా రాసి పెట్టుకోండి. వయసు 18 నిండాలి, బరువు 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఖాళీ కడుపుతో మాత్రం రావద్దు.

ప్రశ్న: మా వారు రోటరీ క్లబ్బు సభ్యులు. నేనూ చేరతానంటే, ఆడవాళ్లకు ఇన్నర్ వీల్ ఉందిగా, రోటరీ ఎందుకు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, నర్సాపురం

జవాబు: ఇన్నర్ వీల్ 1924లో ఇంగ్లాండులోని మాంచెస్టర్‌లో రోటరీ సభ్యుల భార్యలు మొదలుపెట్టిన గొప్ప మహిళా సంస్థ, ఇష్టమైతే తప్పకుండా చేరండి. రోటరీ నిబంధనలు కూడా 1989 నుంచి ఆడవాళ్లకు తలుపులు తీశాయి. ఎందులో చేరాలన్నది మీరు నిర్ణయించుకోవలసిన విషయం. నేను రోటరీ ఎంచుకున్నాను, ఆరోగ్య శిబిరాల్లో నర్సు అవసరం వాళ్లకు ఉందని.

ప్రశ్న: చలివేంద్రం పెడుతున్నాం. ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి?
– యువజన సంఘం, కొవ్వూరు

జవాబు: ప్రారంభోత్సవానికి ముందే నీళ్లు పోసే మనిషిని జీతానికి కుదుర్చుకోండి. కుండలు రోజూ కడగాలి, మూతలు ఉండాలి. గ్లాసు కుండలో ముంచనివ్వకండి, పొడవు కాడ గరిటె కానీ కుళాయి కానీ ఉండాలి. మజ్జిగ ఇవ్వదలిస్తే ఉదయం చేసినది మధ్యాహ్నం దాటాక పోయకండి. పందిరి బస్టాండు ఎదుట కంటే రైతుబజారు, ఉపాధి హామీ పనులు జరిగే చోట్ల వేస్తే ఎక్కువమంది దాహం తీరుతుంది. వానలు పడేదాకా నడపగలమనుకుంటేనే మొదలుపెట్టండి. అలవాటుపడి వచ్చేవాళ్లకు మే మధ్యలో ఖాళీ కుండలు కనిపించకూడదు.