సెక్రటరీ అయిన మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్ను పోర్టు కార్మికుల యూనియన్ సెక్రటరీగా ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. కొందరు "మనవాడు కాడు" అని గొణుగుతున్నారట, నువ్వు టెన్షన్ పడుతున్నావట. ఆ మాట నేను సర్వీసంతా విన్నాను. మా నాన్న వాల్తేరు రైల్వేలో పనిచేసిన ఆంగ్లో ఇండియన్, అమ్మ జాలరి ఇంటి ఆడపడుచు. నన్ను చర్చిలోనూ పేటలోనూ పరాయివాడిలాగే చూశారు. మీ నాన్న గంజాం నుంచి వచ్చిన కళాసీ. నీకు తెలుగూ ఒడియా రెండూ ఇంటి భాషలే కదా, ఏ కూలీల గ్యాంగ్ దగ్గరైనా కూర్చుని టీ తాగగలవు. "నువ్వెవరివాడివి?" అని అడిగితే వాదించకు, అతని జీతం చీటీ తీసి చూడు. ఓవర్‌టైం లెక్క తేలిస్తే ఆ ప్రశ్న మళ్లీ రాదు.

ఆఫీసులో కూర్చునే ముందు ఓడ ఎక్కు. సరుకు కట్టి ఎత్తే స్లింగ్ మీద, దాన్ని తగిలించే ఇనుప షాకిల్ మీద ఎంత బరువు ఎత్తొచ్చో రాసి ఉండాలి, ఏడాదికోసారైనా తనిఖీ జరగాలి. ఆ సర్టిఫికెట్ చూపించమని గట్టిగా అడుగు. బొగ్గు ఓడ అయితే ఇంకా జాగ్రత్త. మూసి ఉన్న హోల్డులో, అంటే ఓడ లోపల సరుకు నింపే గదిలో, బొగ్గు ఆక్సిజన్‌ను లాగేస్తుంది, పైకి వాసన కూడా తెలియదు. గాలి పరీక్ష కాకుండా ఎవరినీ దిగనివ్వకు. ఒకడు కింద పడిపోయాడని ఇంకొకడు కంగారుగా దూకితే ఇద్దరూ పోతారు. ఈ ఒక్క విషయంలో మేస్త్రి కసిరినా, మేనేజర్ బెదిరించినా తగ్గకు.

కాంట్రాక్టు కుర్రాళ్లను వదిలెయ్యకు. 1948 డాక్ కార్మికుల చట్టం పుణ్యమా అని, రేవు కూలీల పేర్లు రాసుకుని పని పంచే డాక్ లేబర్ బోర్డులో పేరున్నవాళ్లకి పని దొరకని రోజు కూడా హాజరు డబ్బులు వచ్చేవి. 2008లో బోర్డు పోర్టులో కలిసిపోయింది. ఈ కుర్రాళ్లకి ఆ ధీమా లేదు. ముందు వాళ్ల పీఎఫ్ కట్టారో లేదో చూడు.

సమ్మె మాటొస్తే ఆవేశపడకు. నోటీసిచ్చాక 14 రోజులు గడవాలి, లేబర్ అధికారి దగ్గర రాజీ చర్చలు నడుస్తుండగా పని ఆపకూడదు. తప్పితే జీతాలు పోయేది కార్మికులవే. నోటీసు డ్రాఫ్ట్ రాయగానే నాకు వాట్సాప్ చెయ్యి. నోటీసు బోర్డు మీద అంటించేది మాత్రం తెలుగులోనూ ఒడియాలోనూ రాయించు.

నీ మావయ్య