ముంబై చూడబోతున్న శైలజకు

చండూరు

చిరంజీవి శైలజకు పెద్దమ్మ ఆశీస్సులు.

దసరా సెలవుల్లో ముగ్గురు స్నేహితురాళ్లు కలిసి ముంబై వెళ్తున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెబుతూనే, "నువ్వైనా వద్దని చెప్పక్కా" అంది. నేను చెప్పను. మీ పెదనాన్న ముంబై పక్కనున్న భివండిలో మరమగ్గాలు నడిపిన రోజుల్లో పద్దెనిమిదేళ్లు అక్కడ కాపురం చేసినదాన్ని. ఆ ఊరంటే నాకు భయం కంటే మమకారమే ఎక్కువ.

లోకల్ రైళ్లలో దొంగల కంటే మన తొందరే ఎక్కువ చేటు. బండి స్టేషనులో అర నిమిషం కూడా ఆగదు. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా జనమంతా ఆఫీసులుండే దక్షిణ ముంబైకి, అంటే చర్చిగేటు, సీఎస్‌ఎంటీ (ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్) స్టేషన్ల వైపు పోతారు, సాయంత్రం ఐదు దాటాక అంతా వెనక్కి మళ్లుతారు. మీకేమీ ఆఫీసు లేదు కదా, ఆ వేళల్లో ఎక్కకండి. ఎప్పుడెక్కినా ఆడవాళ్ల డబ్బాలోనే ఎక్కండి. దాదర్‌లో దిగాలంటే ముందు స్టేషనులోనే తలుపు దగ్గరికి జరగాలి. దిగలేకపోతే తరువాతి స్టేషనులో దిగి వెనక్కి రండి, కదిలే బండి నుంచి మాత్రం దూకవద్దు. సాయంత్రం పూట విరార్ ఫాస్ట్, అంటే దూరాన ఉన్న విరార్‌కు పోయే ఫాస్ట్ బండి, జోలికి అసలే పోకండి. దగ్గరి స్టేషన్లలో దిగేవాళ్లను అందులో తిట్టి పోస్తారు. మరాఠీలో తిడతారు కాబట్టి మీకు సగమే బాధ.

ఇక సంచి సంగతి. ఒకసారి సంక్రాంతికి మన ఊరు వచ్చి తిరిగి వెళ్తూ దాదర్ వంతెన మీద నడుస్తున్నాను. ఒకావిడ "మీ చీరకు ఏదో అంటింది" అంటూ తనే తుడవబోయింది. ఎంత మంచి మనిషో అనుకున్నాను. మెట్లు దిగుతుంటే కాళ్ల దగ్గర సకినాల ముక్కలు రాలుతున్నాయి. సంచి అడుగున బ్లేడుతో జానెడు కోత. డబ్బు మూట పోయింది, సకినాలు మిగిలాయి. అప్పటి నుంచి దారి కావాలంటే నేనే అడుగుతాను, అదీ దుకాణంలో కూర్చున్నవాళ్లనో, పిల్లలను వెంటబెట్టుకున్న ఆడవాళ్లనో. వాళ్లు పని ఆపి మరీ చెబుతారు. అడగకుండా వచ్చి పలకరించేవాడు ఎంత మర్యాదస్తుడైనా ఆగను. స్టేషను బయట మంచి హోటలు చూపిస్తాననేవాడైనా, గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర చవకగా ఊరంతా తిప్పుతాననేవాడైనా అంతే.

సంచి ముందుకు వేసుకోండి, డబ్బు ముగ్గురూ పంచుకుని పెట్టుకోండి. డబ్బు వాపసు వేస్తాం, ఫోనులో పిన్ కొట్టమని ఎవరైనా అంటే నమ్మకండి, మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. మోసపోతే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి. రైల్లో ఇబ్బందికి 139, ఎక్కడైనా ఆపదకు 112.

బాంద్రా, సయన్ దాటి దక్షిణానికి ఆటోలు రావు, నల్ల పసుపు టాక్సీలే. మీటరు వేశాకే కదలనివ్వండి. మెరీన్ డ్రైవ్‌లో గట్టు మీద ఎంతసేపైనా కూర్చోండి కానీ, ఫోటోల కోసం కిందనున్న కాంక్రీటు దిమ్మెల మీదికి దిగవద్దు. అవి జారుతాయి, సందుల్లో పడితే పైకి రావడం కష్టం.

రోజూ రాత్రి మీ అమ్మకు ఫోను చేయి. లేకపోతే ఆమె నాకు చేస్తుంది, నాకు నిద్ర ఉండదు.

అన్నట్టు, మీ లెక్కలో ఎలిఫెంటా సోమవారం పడుతోందట. ఆ రోజు గుహలు మూసి ఉంటాయి, మంగళవారానికి మార్చుకోండి.

మీ పెద్దమ్మ