రెండేసి చేపలు వద్దు, ఒక్క గుంపు చాలు

చిరంజీవి కార్తీక్‌కు ఆశీస్సులు.

నీ మొదటి చేపల ట్యాంకు కోసం నువ్వు రాసి పంపిన చీటీ చూశాను. నియాన్ టెట్రా రెండు, టైగర్ బార్బ్ రెండు, ఏంజెల్ ఫిష్ రెండు, రంగుల విడో టెట్రా రెండు, గోల్డ్‌ఫిష్ రెండు. పెళ్లి భోజనం జాబితాలా ఉంది! ఏంజెల్ పెద్దదయ్యాక నియాన్‌ను గుటుక్కున మింగేస్తుంది. టైగర్ బార్బ్‌లు ఎనిమిది పదికి తక్కువుంటే తమలో తాము తగువులాడుకోవడం మాని పక్కవాటి రెక్కలు కొరుకుతాయి, ఏంజెల్ పొడుగు రెక్కలంటే మరీ ఇష్టం. గోల్డ్‌ఫిష్‌కు చల్లటి నీళ్లు కావాలి, పైగా అది చేసే చెత్తకు రెండడుగుల ట్యాంకు చాలదు. గులాబీ, నీలం రంగుల్లో అమ్మే విడోలకు చాలావరకు రంగు ఎక్కించి అమ్ముతారు. కొన్నాళ్లకు ఆ రంగు వెలిసిపోతుంది. ఆ పని చేసేవాళ్లకు మన డబ్బు ఇవ్వొద్దు.

గుంపు చేపను రెండేసి కొనడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. చుట్టూ తనవాళ్లుంటేనే దానికి ధైర్యం. రెండే ఉంటే మూలన మొక్క వెనక నక్కి, రంగు పాలిపోయి, మేత కూడా సరిగా తినవు. లేదా బలమైనది రెండోదాన్ని రోజంతా తరుముతుంది. పది ఉంటే ఆ తరిమేది పదింటికీ పంచుకుపోతుంది. ఆరు కనీసం, పది హాయి.

నీ ట్యాంకు 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 15 అంగుళాల ఎత్తు కదా. లెక్కకు 70 లీటర్లు, కానీ గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా నికరంగా 55 నుంచి 60. ఇందులో ఒక్క గుంపు, దానికి తోడు ఒంటరిగా ఉండగల చేప ఒకటి. అంతే.

ఏ గుంపు అన్నది నీ ఇష్టం కన్నా విజయవాడ ఎండ, మీ బోరు నీళ్లు ఎక్కువ నిర్ణయిస్తాయి. నియాన్‌కు 20 నుంచి 26 డిగ్రీలు, మెత్తటి నీళ్లు, అంటే ఉప్పులు తక్కువున్న నీళ్లు నప్పుతాయి. మే నెలలో ఏసీ లేని గదిలో ట్యాంకు నీళ్లే 32 దాకా పోతాయి. కార్డినల్ టెట్రా 28 వరకు బాగానే ఉంటుంది గానీ అదీ మెత్తటి నీళ్లదే. దక్షిణ అమెరికాలోని రియో నీగ్రో నదిలో నల్లటి, ఉప్పులు దాదాపు లేని నీళ్లు దాని పుట్టిల్లు. ఆర్వో నీళ్లు కలిపి పెంచొచ్చు, కాదనను. కానీ వారం వారం ఆ కొలత తప్పకుండా కలపాలి. మొదటి ట్యాంకుకు ఆ తంటా ఎందుకు?

నా మాట వింటే జీబ్రా డానియో గానీ చెర్రీ బార్బ్ గానీ తీసుకో. డానియో మన దేశపు చేపే. గంగా పరీవాహకంలో వాగుల్లో, పొలం కాలువల్లో ఉంటుంది. గట్టి పిండం, చలికీ వేడికీ ఓర్చుకుంటుంది. పైభాగంలో గిరగిరా తిరుగుతుంది, ఎగిరి బయట పడుతుంది కూడా, కాబట్టి మూత తప్పనిసరి. నెమ్మదిగా తిరిగే చేపల పక్కన మాత్రం పెట్టకు, మేతంతా అదే లాగేస్తుంది. చెర్రీ బార్బ్ శ్రీలంకది, నెమ్మదైనది. మగవి మూడు, ఆడవి ఏడు పెట్టు. మగవాటికి ఎరుపు తేరుతుంది, ఆడవాటికి వేధింపు తగ్గుతుంది. దట్టంగా మొక్కలు కావాలి, లేకపోతే దాక్కుంటాయి. దీనికి జోడీగా ఒక హనీ గౌరామి బాగుంటుంది. అది పైకొచ్చి గాలి కూడా పీల్చుకోగలదు గనక వేసవిలో నీళ్లలో ప్రాణవాయువు తగ్గినా నిలదొక్కుకుంటుంది.

ఎండాకాలంలో ఐసు ముక్కలు వేయకు, ఉష్ణోగ్రత ఒక్కసారిగా దిగి చేపలు జబ్బు పడతాయి. నీటి పైకి చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన నీటికి బదులు ఆర్వో నీళ్లే పోయి. ఆవిరయ్యేది ఉత్త నీరే, ఉప్పులు ట్యాంకులోనే మిగులుతాయి మరి.

చేప కన్నా ముందు ఫిల్టర్ సిద్ధం కావాలి. చేపల చెత్తలోంచి పుట్టే విషం అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. జబ్బులేని ట్యాంకు నడుపుతున్న స్నేహితుడి ఫిల్టర్ స్పాంజి ముక్క దొరికితే తొందరగా అవుతుంది. నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే కొట్టుకు వెళ్లు. మీ బోరు నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 దగ్గర ఉంటే ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం, పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అదే అమ్మోనియా మరింత విషమవుతుంది.

కొట్లో ఆ రోజే దిగిన చేపలు కొనకు, వారం ఆగు. మేత వేయించి చూడు. గుంపంతా ఎగబడాలి. పొట్ట లోపలికి పోయినవి, రెక్కలు మూసుకున్నవి, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలున్నవి ఒక్కటి కనిపించినా ఆ తొట్టిలోంచి ఏదీ వద్దు. పదీ ఒకేసారి, ఒకే తొట్టిలోంచి తెచ్చుకో. జబ్బేదైనా ఉంటే ట్యాంకులోకి రాకుండా, మూడు వారాలు వాటిని మూతున్న వేరే ప్లాస్టిక్ టబ్బులో స్పాంజి ఫిల్టర్ పెట్టి ఉంచు.

ఇంటికి తెచ్చాక కవరు పావుగంట టబ్బు నీటి మీద తేలనిచ్చి, ఐదేసి నిమిషాలకు ఒక కప్పు టబ్బు నీళ్లు కవరులో కలుపుతూ అరగంట పైన గడుపు. వలతో చేపల్నే తియ్యి, కొట్టు నీళ్లు సింకులో పారబొయ్యి. ఆ రాత్రి లైటు వేయకు, మేత కూడా వద్దు.

మీ బాబాయి