పక్క రోడ్డుకు ఫైబర్, మా వీధికి ఎయిర్‌ఫైబర్: ఎందుకిలా?

ప్రశ్న: హయత్‌నగర్ దాటాక కొత్త లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నాం. అర కిలోమీటరు అవతల మెయిన్ రోడ్డు మీద ఫైబర్ ఉంది. కంపెనీ వాళ్లని అడిగితే ‘మీ వీధికి రాదు, ఎయిర్‌ఫైబర్ (తీగ లేకుండా టవర్ నుంచి గాలిలో వచ్చే ఇంటర్నెట్) పెడతాం’ అంటున్నారు. అంత దగ్గరున్న తీగ మా ఇంటికెందుకు రాదు? ఇంట్లో ఇద్దరం ఇంటి నుంచే పని చేస్తాం. నాలుగు సీసీ కెమెరాలున్నాయి. ఎయిర్‌ఫైబర్ తీసుకోవచ్చా?

జవాబు: అర కిలోమీటరు ఫైబర్‌కి ఒక దూరమే కాదండీ. ఇళ్లకు ఎక్కువగా ఇచ్చే జీపాన్ పద్ధతిలో, అంటే ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకు పంచే పద్ధతిలో, కంపెనీ యంత్రానికీ మీ ఇంటి డబ్బాకీ మధ్య 28 డీబీ (డెసిబెల్, కాంతి ఎంత తగ్గిందో చెప్పే కొలత) దాకా కాంతి తగ్గినా లైన్ పనిచేస్తుంది. కాంతిని ఎనిమిది పాయలుగా చీల్చే స్ప్లిటర్లు ఒకదాని తర్వాత ఒకటి రెండు పెడితే 21 డీబీ పోతుంది. ఐదు కిలోమీటర్ల ఫైబర్‌కి ఒకటిన్నర, కనెక్టర్లకీ అతుకులకీ ఇంకో రెండు. అంతా కలిపినా 25 లోపే. అలా కంపెనీ యంత్రంలోని ఒక్క పోర్టు మీద 64 ఇళ్లు నడుస్తాయి.

అడ్డం వచ్చేది ఖర్చు. ఫైబర్‌కి తవ్వకం, స్తంభాల అద్దె, అనుమతులు, స్ప్లిటర్ పెట్టె, అతుకుల కూలీ అన్నీ మొదటి కనెక్షన్ ఇవ్వకముందే పెట్టాలి. మీ వీధిలో పాతిక ప్లాట్లుండి ఆరిళ్లే లేచి, వాటిలో ముగ్గురే కనెక్షన్ తీసుకుంటే ఆ డబ్బు ఏళ్ల తరబడి వెనక్కి రాదు. అందుకే కంపెనీ చూసేది దూరం కాదు, ఒక పెట్టె కింద ఎన్ని ఇళ్లు నిండుతాయన్నది. 5జీ ఎయిర్‌ఫైబర్‌లో టవర్ ఎలాగూ మొబైల్ కోసం ఉంది. మీరు సరేనన్నాకే డబ్బా తెచ్చి బిగిస్తారు, వద్దంటే విప్పి ఇంకో ఇంటికి పెడతారు.

స్తంభాల గొడవ ఇంకొకటి. విద్యుత్ స్తంభాల మీదుగా ఫైబర్ లాగితే పని చౌకగా, వేగంగా అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ ఊళ్లకు చేరింది ఆ దారినే. కానీ తుపానుకి స్తంభం పడితే లైనూ పడుతుంది. హైదరాబాద్‌లో 2025 ఆగస్టులో రామంతాపూర్ ఊరేగింపులో విద్యుత్ షాక్‌తో ప్రాణాలు పోయాక స్తంభాల మీది కేబుళ్లను పెద్దయెత్తున తొలగించారు, ఎన్నో ఇళ్లకు ఇంటర్నెట్ ఆగింది. అలాంటి చోట కొత్త వీధికి తీగ లాగడానికి ఏ కంపెనీ అయినా వెనకాడుతుంది.

ఇక మీ అవసరం. 5జీలో గాలి అందరిదీ. ఆ దిక్కున్న మొబైళ్లూ, ఎయిర్‌ఫైబర్ ఇళ్లూ అదే వాటా పంచుకుంటాయి. పైగా మన దగ్గర వాడే 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో సమయంలో ఎక్కువ భాగం డౌన్‌లోడ్‌కే పోతుంది, అప్‌లోడ్‌కి మిగిలేది కొంచెం. వీడియో మీటింగులకి ఇబ్బంది రాదు. కెమెరాలతోనే చిక్కు. ఒక్కోటి 2 ఎంబీపీఎస్ చొప్పున నాలుగూ రాత్రింబవళ్లు క్లౌడ్‌కి పంపితే 8 ఎంబీపీఎస్. అంటే రోజుకి 86 జీబీ, నెలకి దాదాపు 2,600 జీబీ. ఎయిర్‌ఫైబర్ ప్లాన్లలో సాధారణంగా ఉండే 1000 జీబీ పరిమితి పన్నెండో రోజుకే అయిపోతుంది. రికార్డింగ్ ఇంట్లో ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డర్ పెట్టె) డిస్క్ మీదే పెట్టుకుని, బయటి నుంచి చూడటానికి ఆ ఎన్‌వీఆర్ కంపెనీ యాప్ వాడండి. బయటి నుంచి నేరుగా మీ రౌటర్ ద్వారా కెమెరాని చేరే పోర్ట్ ఫార్వర్డింగ్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఎయిర్‌ఫైబర్‌లో చాలామందికి ఒకే ఐపీవీ4 చిరునామాను (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ని గుర్తించే నంబరు) పంచి ఇస్తారు, బయటి నుంచి వచ్చే పిలుపు మీ ఇంటిదాకా చేరదు.

డబ్బు కట్టే ముందు అది 5జీయా, యూబీఆరా అని అడగండి. యూబీఆర్ అంటే ఫైబర్ ఉన్న టవర్ నుంచి లైసెన్స్ అక్కర్లేని 5 గిగాహెర్ట్జ్ రేడియోతో మీ డాబా మీది యాంటెన్నాకి ఇచ్చే లింకు. టవర్‌కీ యాంటెన్నాకీ మధ్య అడ్డు లేకుండా చూపు ఆనాలి. ఎదురుగా రేపు మూడంతస్తులు లేస్తే లింకు పోతుంది, కొత్త లేఅవుట్లలో ఇది జరిగేదే. 5జీ అయితే అదే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్‌తో డాబా ఎక్కి, వరుసగా మూడు రోజులు రాత్రి ఎనిమిది, పది మధ్య వేగం కొలవండి. మధ్యాహ్నం 300 ఎంబీపీఎస్ వచ్చి రాత్రి 30కి పడిందంటే ఆ టవర్ నిండిందని అర్థం, మీ డాబా మీద ఎంత మంచి డబ్బా పెట్టినా బాగుపడదు. సిగ్నల్ చూపే యాప్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం) మైనస్ 95 కంటే మెరుగ్గా, అంటే సున్నాకి దగ్గరగా ఉంటే మంచిది.

పవర్‌కట్‌లో బయటి డబ్బాకీ, లోపలి రౌటర్‌కీ రెంటికీ కరెంటు కావాలి. బయటిదానికి నెట్‌వర్క్ కేబుల్‌లోంచే కరెంటు వెళ్తుంది, దాని అడాప్టర్ వోల్టేజీ వేరు. రౌటర్ కోసం కొన్న 12 వోల్టుల మినీ యూపీఎస్ దానికి పనికిరాకపోవచ్చు, లేబుల్ చదివాకే కలపండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే రెండు అడాప్టర్లూ ఆ ప్లగ్గులకే పెట్టేయండి.

ఫైబర్ ఆశ మాత్రం వదలకండి. వీధిలో ఎనిమిది మందో పదిమందో కలిసి పేర్లు, ప్లాట్ నంబర్లతో ఒకే అర్జీ ఇవ్వండి. ఒక స్ప్లిటర్ పెట్టె నిండుతుందని కనిపిస్తే కంపెనీ లెక్క మారుతుంది. స్థానిక కేబుల్ ఆపరేటర్‌నీ అడగండి, చిన్న వీధులకు పెద్ద కంపెనీల కంటే వాళ్లే ముందు వస్తారు. అందుకే ఎయిర్‌ఫైబర్‌కి ఏడాది డబ్బు ఒకేసారి కట్టొద్దు.

ప్రశ్న: మాది ఫైబరే. వానపడితే రౌటర్ మీద ఎర్ర లైటు వెలిగి నెట్ పోతోంది. రౌటర్ మార్చాలా?

జవాబు: వద్దు. ఆ ఎర్ర లైటు కాంతి అందడం లేదని చెబుతోంది. నెట్ ఉన్నప్పుడు బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి, ఆర్‌ఎక్స్ ఆప్టికల్ పవర్ (మీ డబ్బాకి అందుతున్న కాంతి) చూడండి. చిరునామా వేరైతే డబ్బా అడుగున రాసి ఉంటుంది. మైనస్ 15, మైనస్ 25 మధ్య ఉంటే లైన్ బాగున్నట్టే. మైనస్ 27 దగ్గరుంటే అంచున నిలబడి ఉంది, వానకి పెట్టెలో తేమ చేరినా, బరువుకి తీగ ఇంకాస్త వంగినా తెగిపోతుంది. ఎండలో ఒకటి, వానలో ఒకటి ఫొటో తీసి లైన్‌మన్‌కి చూపించండి, స్తంభం మీది పెట్టె తెరవక తప్పదు. ఇంట్లో తీగ తలుపు సందులో నలిగిందేమో, మేకుకి బిగించి మడిచారేమో చూడండి. కనెక్టర్ రంగు కూడా చూడండి. ఆకుపచ్చదాన్ని నీలం సాకెట్‌లో పెడితే కాంతి బాగా పోతుంది. ఊడదీసిన కొనలోకి కన్నుపెట్టి చూడొద్దు, అందులోని లేజర్ కంటికి కనబడదు.