ఒక్కరోజు సర్టిఫికెట్‌తో మా అబ్బాయి ఫోర్క్‌లిఫ్ట్ నడపొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై ఏళ్లు. డిగ్రీ మధ్యలో మానేసి ఒక వేర్‌హౌస్‌లో హెల్పర్‌గా చేరాడు. ఇప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ (ముందున్న రెండు ఇనుప ఫోర్కులతో సరుకు ఎత్తి జరిపే బండి) ఆపరేటర్ అవుతానంటున్నాడు. కంపెనీవాళ్లు ట్రైనింగ్ ఇస్తామన్నారు గానీ, కొన్ని నెలలు ఆగాలట. ఈలోగా ఒక్కరోజులో సర్టిఫికెట్ ఇచ్చే ఆన్‌లైన్ కోర్సు చూశాం. ‘ప్రపంచమంతా చెల్లుతుంది, లైఫ్‌టైమ్ వాలిడిటీ’ అని ఉంది. సగం ఫీజు కట్టేశాను. అది సరిపోతుందా? లేక సప్లై చైన్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేయించడం మేలా? రెండూ పోల్చి చెప్పండి. వాళ్ల నాన్నగారికి డ్రైవర్ పని అంటే అస్సలు ఇష్టం లేదు. ఆ బండి బోల్తా పడి మనుషులు పోతారని కూడా విన్నాను. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరు క్రేన్ అంటారు, ఇంకొకరు జేసీబీ అంటారు, మీరు ఫోర్క్‌లిఫ్ట్ అన్నారు. అందరూ ముందు ఫీజు, వాలిడిటీ, డిప్లొమా అడుగుతారు. పిల్లాడికి ఏమన్నా అవుతుందేమోనన్న మాట మాత్రం చివర్లో, అప్పుడే గుర్తొచ్చినట్టు రాస్తారు. మిమ్మల్ని రాత్రిళ్లు నిద్రపోనివ్వంది ఆ చివరి మాటే కదా. అక్కడి నుంచే మొదలుపెడతాను.

బోల్తా పడుతుందా అంటే, పడుతుంది. మనుషులు పోయిన సందర్భాలూ ఉన్నాయి. కానీ అది కారణం లేకుండా వచ్చిపడే ఆపద కాదు. మామూలు ఫోర్క్‌లిఫ్ట్‌కి నాలుగు చక్రాలున్నా, అది నిజంగా నిలబడేది మూడు చోట్ల: ముందు చక్రాలు రెండు, వెనక ఇరుసు మధ్యలో ఉండే పివట్ (ఇరుసు అటూ ఇటూ ఊగే కీలు) ఒకటి. ఈ మూడింటినీ కలిపితే ఒక త్రికోణం వస్తుంది. బండిదీ, లోడుదీ కలిసిన బరువు కేంద్రం ఆ త్రికోణం లోపల ఉన్నంతసేపు ఏ భయమూ లేదు. లోడుని పైకెత్తి మలుపు తిప్పినా, ఏటవాలులో అడ్డంగా తిరిగినా, వేగంగా వెళ్తూ గట్టిగా బ్రేక్ వేసినా ఆ కేంద్రం గీత దాటొచ్చు. బండి పడేది అప్పుడే. లోడు నేల నుంచి జానెడు లోపు ఎత్తులో ఉంచి, మాస్ట్‌ని (ఫోర్కుల్ని పైకెత్తే నిలువు చట్రాన్ని) వెనక్కి వంచి, మలుపుల్లో నెమ్మదిగా వెళ్లేవాడి బండి బోల్తా పడడం చాలా అరుదు.

ఒకవేళ పడుతోందనుకోండి, అప్పుడేం చేయాలి? శిక్షణ లేనివాడు ఏం చేస్తాడో అడగక్కర్లేదు, దూకేస్తాడు. మీరైనా నేనైనా అదే చేస్తాం. కానీ డ్రైవర్ తల మీద ఇనుప గార్డ్ ఒకటి ఉంటుంది. బండి పక్కకి ఒరిగితే, దూకినవాడి మీద పడేది ఆ గార్డే. అందుకే సీటు బెల్టు పెట్టుకుని, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, కాళ్లు బిగబట్టి, బండి ఏ వైపు పడుతోందో దానికి వ్యతిరేక దిశలో ఒరిగి లోపలే ఉండమని నేర్పుతారు. ఇక్కడే ఒక మెలిక ఉంది. వెనక వైపు తెరిచి ఉండే, నిలబడి నడిపే రీచ్ ట్రక్ అయితే, వెనక్కి అడుగేసి బయటపడమంటారు. రెండిటినీ ఫోర్క్‌లిఫ్ట్ అనే పిలుస్తారు, ప్రాణం కాపాడుకునే పద్ధతి మాత్రం పూర్తిగా తలకిందులు. మీ అబ్బాయి ఏ బండి నడపబోతున్నాడో ఆ ఆన్‌లైన్ కోర్సువాళ్లు ఒక్కసారైనా అడిగారా?

ఇప్పుడు ఆ సర్టిఫికెట్ సంగతి. దీని మీద నాకు అనుమానమేమీ లేదు, కోపమే ఉంది.

‘ప్రపంచమంతా చెల్లే’ ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్స్ అనేది ఎక్కడా లేదు. ఏ దేశం పద్ధతి ఆ దేశానిది. అమెరికాలో ఓషా (పనిచేసే చోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధన ప్రకారం శిక్షణలో మూడు భాగాలుండాలి: పాఠం, బండి మీద ప్రాక్టీసు, పనిచేసే చోట నడిపించి చూసి చేసే మదింపు. వీటిలో పాఠం ఒక్కటే కంప్యూటర్‌లో చెప్పుకోవచ్చు. ఏ వెబ్‌సైట్‌కీ అక్కడ సర్టిఫై చేసే హక్కు లేదు, ఆ బాధ్యత ఉద్యోగం ఇచ్చిన యజమానిది. ఎవరికి శిక్షణ ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు, మదింపు ఎప్పుడు చేశారు, ఎవరు చేశారు అన్నది కాగితం మీద ఉండాలి. 1999 నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధనలో లైఫ్‌టైమ్ అన్న మాటే లేదు. కనీసం మూడేళ్లకోసారి పనితీరు మళ్లీ చూడాలి. ప్రమాదం జరిగినా, కొద్దిలో తప్పినా, వేరే రకం బండి ఎక్కినా, పనిచేసే చోట పరిస్థితులు మారినా రిఫ్రెషర్ ట్రైనింగ్ ఇవ్వాలి. ఆస్ట్రేలియాలో పద్ధతి వేరు. అక్కడ ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఇచ్చే హై రిస్క్ వర్క్ లైసెన్స్ కావాలి, పద్దెనిమిదేళ్లు నిండాలి, ఐదేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి. బ్రిటన్‌లో బేసిక్ ట్రైనింగ్ అయ్యాక ఆ ఉద్యోగానికి తగిన శిక్షణ, ఆ తర్వాత ఆ చోటుని పరిచయం చేసే శిక్షణ ఉంటాయి. అన్నీ అయ్యాకే యజమాని నడపమని అనుమతి ఇస్తాడు. పేర్లు ఏవైనా, బండి ఎక్కించి చూడకుండా ‘వీడికి వచ్చు’ అని సంతకం పెట్టే పద్ధతి ఈ మూడు చోట్లా లేదు.

ఆ సర్టిఫికెట్ కార్డు పనికిరాదు, పోతే ఫీజే కదా అనుకుంటే నేనింత రాసేవాణ్ని కాదు. నా భయం వేరు. రేపు పొద్దున ఆపరేటర్ సెలవు పెడతాడు. బయట లారీ వచ్చి నిలబడి ఉంటుంది. తాళం చెవి బండికే ఉంటుంది. సూపర్‌వైజర్ టెన్షన్‌లో ఉండి, ‘ఎవరైనా ఆ ఒక్క ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క బల్ల) పక్కకి జరపండ్రా’ అంటాడు. కార్డు లేని హెల్పర్ ‘నాకు రాదు సార్’ అనగలడు. జేబులో కార్డున్న మీ అబ్బాయి అనగలడా? అనడు సరికదా, ముందుగా చెయ్యెత్తేది వాడే. ఇరవై ఏళ్ల కుర్రాడు, నేర్చుకోవాలన్న ఉత్సాహం ఉన్నవాడు. కారు తిప్పిన అలవాటుతో స్టీరింగ్ తిప్పుతాడు. ఫోర్క్‌లిఫ్ట్ వెనక చక్రాలతో తిరుగుతుంది, కాబట్టి బండి వెనక భాగం ఒక్కసారిగా బయటికి విసురుగా వస్తుంది. పక్కన నడుస్తున్న మనిషికి తప్పుకునే చోటు ఉండదు. మీరు వాడి ప్రాణం గురించే భయపడుతున్నారు. వాడి చేతుల్లో ఇంకొకరి బిడ్డ ప్రాణం కూడా ఉంటుందని కాస్త గుర్తుపెట్టుకోండి.

కొంచెం గట్టిగానే అంటున్నాను, ఏమీ అనుకోవద్దు. కంపెనీ తన ఖర్చుతో, తన బండి మీద నేర్పిస్తానంటే, ఆ కొన్ని నెలలు ఆగలేక మీరు ఫీజు కట్టి కాగితం కొనిపెడుతున్నారు. వాడు అడిగింది పని నేర్చుకుంటానని. సర్టిఫికెట్ కావాలని అడిగింది మీరు. ఎవరికి చూపించడానికి?

వాళ్ల నాన్నగారికి కూడా ఒక మాట. వాడు హెల్పర్‌గా బరువులు మోసి జీతం తెచ్చినన్నాళ్లూ ఎవరూ చిన్నతనంగా అనుకోలేదు. అదే చోట ఒక మెట్టు ఎక్కి, బండి మీద కూర్చుంటానంటే డ్రైవర్ అయిపోతాడా? ఆ బండికి ఒక చిన్న రేకు బిగించి ఉంటుంది, కెపాసిటీ ప్లేట్ అంటారు. రెండు టన్నుల బండి అంటే ఏ వస్తువునైనా రెండు టన్నులదాకా ఎత్తుతుందని కాదు. ఫోర్కుల మొదలు నుంచి లోడు బరువు కేంద్రం దాకా ఎంత దూరం ఉంటే ఎంత బరువు ఎత్తొచ్చు, ఎంత ఎత్తుకి ఎత్తొచ్చు అన్నది ఆ రేకు మీద ఉంటుంది. చాలా బండ్లకి ఆ దూరం 500 మిల్లీమీటర్లు. పొడవాటి పెట్టె వచ్చిందంటే ఆ కేంద్రం ముందుకు జరుగుతుంది, అప్పుడు అదే బండి తక్కువ బరువే మోస్తుంది. ఏదైనా అటాచ్‌మెంట్ తగిలిస్తే లెక్క మళ్లీ మారుతుంది. చదువు మానేశాడని మీరంతా అనుకుంటున్న కుర్రాడు షిఫ్ట్‌లో పదే పదే ఈ లెక్క వేసుకుంటూ ఉంటాడు. నాన్నగారు ఒకసారి వాణ్ని కూర్చోబెట్టి ఆ రేకు గురించి చెప్పించుకుంటే బాగుంటుంది.

పోల్చి చెప్పమన్నారు కదా, డిప్లొమా సంగతి. సప్లై చైన్ డిప్లొమా చెడ్డదేం కాదు. సరుకు నిల్వలు, కొనుగోళ్లు, రవాణా ప్లానింగ్, కంప్యూటర్ మీద లెక్కలు నేర్పుతుంది. ఇప్పుడు ఎవరి నోట విన్నా అదే పేరు. కానీ గోడౌన్‌లో సరుకు ఎలా కదులుతుందో ఎన్నడూ చూడనివాళ్లు ఆ డిప్లొమా పట్టుకుని డేటా ఎంట్రీ దగ్గరే ఆగిపోవడం నేను చాలా చూశాను. అనుభవం ఉన్నవాడు తర్వాత చేసుకుంటే దానికి విలువ ఎక్కువ. క్లాసులో కూర్చోవడం ఇష్టం లేక డిగ్రీ మానేసినవాణ్ని ఇప్పుడే మళ్లీ క్లాసులో కూర్చోబెట్టకండి. డిప్లొమా ఎక్కడికీ పోదు. డ్రైవర్ లేని బండ్లు వస్తున్నాయి కదా అని మీరు అడగకపోయినా ఎవరో ఒకరు అడుగుతారు. ఒకే దారిలో ఒకే రకం ప్యాలెట్లు తిప్పే పెద్ద గోడౌన్లలో వచ్చేశాయి. తలోరకంగా పేర్చిన లారీని దించడానికి ఇంకా మనిషే కావాలి. పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో నేను మాట ఇవ్వలేను, డిప్లొమా ఇచ్చేవాళ్లూ ఇవ్వలేరు.

మీరు చేయాల్సింది కోర్సు వెతకడం కాదు, అబ్బాయి చేత కంపెనీని కొన్ని ప్రశ్నలు అడిగించడం. శిక్షణ ఏ రకం బండి మీద? పాఠం అయ్యాక సీటులో ఎన్ని గంటలు కూర్చోబెడతారు? ఖాళీ బండితోనే తిప్పిస్తారా, లోడుతో ర్యాక్‌లో పెట్టడం కూడా నేర్పుతారా? ఏటవాలు మీద లోడుని ఎప్పుడూ ఎగువ వైపే ఉంచి ఎలా దిగాలో చేసి చూపిస్తారా? పరీక్ష ఎవరు చూస్తారు, ఆ కాగితం కాపీ ఇస్తారా? షిఫ్ట్ మొదట్లో టైర్లు, బ్రేకులు, హారన్, ఫోర్కులు, గొలుసులు, నూనె కారడం చూసుకోవడానికి చెక్‌లిస్ట్ ఉందా, లోపం కనిపిస్తే బండిని పక్కన పెట్టనిస్తారా? ఈ చివరి ప్రశ్నకి వాళ్ల మొహం ఎలా మారుతుందో చూడమనండి. తడుముకోకుండా ‘పెట్టనిస్తాం’ అంటే మీరు నిశ్చింతగా పడుకోవచ్చు. నవ్వేసి మాట మారిస్తే, వాణ్ని ఇంకో కంపెనీ చూసుకోమనండి, హెల్పర్‌గా అయినా సరే.

ఇక మీరు కట్టిన సగం ఫీజు. తిరిగి ఇస్తారేమో అడగండి. ఇవ్వకపోతే మిగతా సగం కట్టకండి. పాఠాలు అప్పటికే తెరుచుకుని ఉంటే అబ్బాయిని చూడమనండి, కెపాసిటీ ప్లేట్ లెక్క, త్రికోణం లెక్క ముందే తెలిస్తే ట్రైనింగ్‌లో పనికొస్తాయి. కార్డు పోస్టులో వస్తే మాత్రం అది మీ దగ్గరే ఉంచుకోండి. వేర్‌హౌస్‌కి తీసుకెళ్లనివ్వద్దు.