సగం కట్టి రాజీ పడితే చిక్కు మీకే

ప్రశ్న: మాది పూతలపట్టు మండలం. మా తమ్ముడు, మరదలు చిత్తూరు శివారు ఇటుక బట్టీలో నలభై వేల అడ్వాన్సుకు చేరారు. ఊరికి పోవాలన్నా ఒకరిని అక్కడే ఉంచుకునేవారు. ఏడాది తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థవారు వారిని బయటకు తెచ్చారు. అది జరిగి రెండేళ్ల పది నెలలయింది. ఇప్పుడు యజమాని ప్రామిసరీ నోటు చూపించి దావా వేస్తానంటున్నాడు. సగం కట్టి, మిగతాదానికి కాగితం రాసివ్వమని పెద్దలు చెబుతున్నారు.

జవాబు: మీ ఉత్తరం నిండా వారు పడిన కష్టాలే ఉన్నాయి గానీ, వ్యవహారాన్ని తేల్చే పత్రం మాటే లేదు. అది వారిని వెట్టిచాకిరీ నుంచి విడిపించినట్లు ఆర్డీవో గానీ కలెక్టరు గానీ ఇచ్చే విడుదల ధ్రువపత్రం. స్వచ్ఛంద సంస్థ మనిషిని బట్టీ నుంచి తప్పించగలదు, సాక్ష్యమూ చెప్పగలదు. ఆ పత్రం ఇచ్చే అధికారం మాత్రం దానికి లేదు. ఇంతకాలం దాన్ని అడగకపోవడం మీ నిర్లక్ష్యమే.

అడ్వాన్సు ఇచ్చి, మనిషిని కదలనివ్వకుండా పని చేయించుకోవడం వెట్టిచాకిరీయే. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1976లోని 6వ సెక్షను ప్రకారం వెట్టికి మూలమైన అప్పును తీర్చే బాధ్యత రద్దవుతుంది. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసే భారాన్ని 15వ సెక్షను యజమానిపై పెట్టింది. రద్దయిన అప్పు కింద డబ్బు పుచ్చుకోవడం 9వ సెక్షను కింద నేరం.

పెద్దల సలహా మాత్రం వినవద్దు. నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లు దాటితే దావాకు కాలదోషం పడుతుంది, అంటే ఆ నోటుపై దావా చెల్లదు. మీరు చెప్పిన లెక్కన ఆ నోటుకు గడువు దాటిపోయింది, అతడు ఖాళీ నోటుపై తేదీ తర్వాత వేసుకుని ఉండకపోతే. మిగతాది కడతామని ఇప్పుడు కొత్తగా రాసిస్తే చెల్లని నోటుకు మీరే ప్రాణం పోసినవారవుతారు. పైగా అది మామూలు చేబదులేననే అతడి వాదనకు మీ సంతకమే ఆధారమవుతుంది.

ఈ చట్టం కింద యజమానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లే గనుక, క్రిమినల్ కేసుకూ గడువు మూడేళ్లే; వారు బయటకు వచ్చి రెండేళ్ల పది నెలలయింది కాబట్టి మిగిలింది రెండు నెలలే. ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు గానీ, ఆ ఆశతో కూర్చోకండి. ఈ వారమే చిత్తూరు ఆర్డీవోకు అర్జీ ఇచ్చి, నకలు కలెక్టరుకు పంపి, రెండింటికీ రసీదు తీసుకోండి. అడ్వాన్సు ఫోన్‌లో పంపి ఉంటే ఆ సందేశాలు, తోటి కూలీల వాంగ్మూలాలు, బయటకు తెచ్చిన తేదీ చెబుతూ సంస్థవారి లేఖ జతచేయండి. బలవంతంగా పని చేయించారని తేలితే, అది అడ్వాన్సు కోసమేనని భావించాలని సుప్రీంకోర్టు బంధువా ముక్తి మోర్చా కేసులో 1983 నాటి తీర్పు నుంచి చెబుతోంది. కాబట్టి మీ శక్తినంతా వారిని కదలనివ్వలేదని చూపే సాక్ష్యంపైనే పెట్టండి. లాయరు ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించండి.

ఈలోగా సమన్లు వస్తే, నోటు చెల్లదులే అని ఇంట్లో కూర్చోకుండా వెట్టి అప్పు అభ్యంతరాన్ని రాతపూర్వకంగా దాఖలు చేయండి. హాజరు కాకపోతే మీ వాదన వినకుండానే తీర్పు, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది.